మైకు ఆపేసి అన్న మాట

ఉధ్నా, సూరత్
11 జనవరి 2022

బంగారు బిడ్డ రుచితకు బాపమ్మ దీవెనలు.

ఒళ్లు ఎట్లా ఉంది? ఆ పరాయి దేశం చలికి పెదవులు పగిలి నెత్తురు వస్తోందన్నావు, తగ్గిందా? నీ గదిలో ఉండే మనాలీ పిల్ల జమునకు గొంతు నొప్పి అన్నావు, ఆ కరోనా పరీక్ష చేయించారా? మీకు మంచు మీద స్కీ కట్టెలతో జారడం నేర్పే ఉమాకాంత్ సారుకు దగ్గు పోయిందా? అందరూ ఒకే బండిలో కొండ ఎక్కుతారట, మాస్కులు తీయకండి. ఇక్కడ మీ బాపు బాగానే ఉన్నాడు. పతంగుల రోజులు కదా, బండి మీద పోతుంటే మాంజా దారం మెడకు తగులుతుందేమోనని కండువా చుట్టి పంపుతున్నాను, మూల మలుపు దాటగానే తీసేస్తాడని తెలుసు. మీ అమ్మకు నడుము నొప్పి అట్లాగే ఉంది. కింది ఇంటి కొమురవ్వకు జ్వరం వచ్చి పోయింది, నోరు మాత్రం మునుపటి లెక్కనే ఉంది. నాకు ఏ రోగమూ లేదు, బెంగ తప్ప.

ఫోన్లో మాట్లాడక కాగితం ఎందుకు రాస్తోంది అనుకుంటావు. ఒక్క గదిలో అందరం ఉంటాం, ఏ మాటా నీకొక్కదానికే చెప్పే వీలు లేదు. నువ్వు నేర్పి పోయినట్టే దీన్ని ఫోటో తీసి పంపుతున్నాను. రాత్రిబడిలో నేర్చిన రాత, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

మొన్న ఆదివారం వీడియోలో మాట్లాడుతూ మాట్లాడుతూ నువ్వు మైకు ఆపేశావు. పక్కకు తిరిగి జమునతో హిందీలో ఒక మాట అన్నావు. మళ్లీ మైకు పెట్టి నవ్వావు. బిడ్డా, మైకు ఆపితే మాకు తెలియదనుకున్నావా? పెళ్లయిన ఏడాదే మీ తాతతో ఇక్కడికి వచ్చి, సాంచాల నడుమ, ఈ మరమగ్గాల మోతలో, ముసలిదాన్ని అయ్యాను. సాంచాలు ఆడుతుంటే అక్కడ ఎవరి గొంతూ ఎవరికీ వినపడదు. పోగు తెగిందన్నా, ఛాయ్ వచ్చిందన్నా, ఒకరినొకరు తిట్టుకున్నా పెదవులు చూసే తెలుసుకుంటాం. నిన్ను చదువు కోసమని సాంచాల దగ్గరికి రానివ్వలేదు గనుక నీకు ఈ అలవాటు రాలేదు. నువ్వన్న మాట నేను చూశాను. మోకాలు వాచింది, ఇంట్లో చెప్పకు, సారుకు కూడా చెప్పకు అన్నావు.

మీ అమ్మ అప్పుడు స్టవ్వు దగ్గర ఉంది. మీ బాపు ఛాయ్ గ్లాసు అందుకోవడానికి అటు తిరిగాడు. చూసింది నేనొక్కదాన్నే.

ఆ పూట నుంచి ముద్ద దిగడం లేదు. ఎందుకు దాచావో నాకు తెలుసు. నువ్వు పోయే రోజు మీ బాపు ఏమన్నాడో మరచిపోయేదాన్ని కాను. "పోతెపో బిడ్డా, గని దెబ్బ తగిలిందని ఇన్ననంటే మాత్రం మల్ల విమానం ఎక్కుడే, గా మంచూ వద్దు, గా కట్టెలూ వద్దు" అన్నాడు. ఫిబ్రవరి పందెంలో నెగ్గితేనే పై జట్టులోకి తీసుకుంటారట. అది ఆడే దాకా ఎట్లాగో నెట్టుకురావాలని నీ ఆలోచన.

నేను ఇప్పుడు లేచి మీ బాపుతో ఒక్క మాట అంటే చాలు, వారంలో నువ్వు నా పక్కన ఉంటావు. మొదటి రోజు నుంచి నేను మొక్కుకుంటున్నది అదే. కొమురవ్వ ఊరికే ఉంటుందా? నిన్న మెట్ల మీద పట్టుకుంది. "ఏందే ఎల్లవ్వా, నీ మనుమరాలు జారెటందుకు గంత దూరం పోవాల్నా? మా బాత్రూం కాడ రోజుకొక్కలు జారుతున్నరు" అంది. "నీ బాత్రూం జర కడుగుకోరాదే" అని వచ్చేశాను. అయినా మీ బాపుకు చెప్పలేకపోతున్నాను. నువ్వు మంచులో పాతిన జెండాల నడుమ నుంచి జారుతూ దిగివచ్చే వీడియో పంపావు కదా, కింద ఆగి కళ్లద్దాలు తీసినప్పుడు నీ ముఖం ఎట్లా ఉందో చూశాను. ఈ ఇంట్లో అంత సంతోషం ఉన్న ముఖం నేను చూసి చాలా కాలమైంది. దాన్ని నా చేతులతో తుడిచేయాలంటే చేయి రావడం లేదు.

కానీ మీ తాతను తలచుకో. పోయిన ఎండాకాలం సాంచాల వేడికి ఒళ్లు కాలుతోందిలే అని నవ్వుకుంటూ తిరిగాడు. జ్వరమంటే కొడుకు పని మానుకుని ఆస్పత్రుల వెంట తిరుగుతాడని దాచుకున్నాడు. నోరు విప్పే వేళకు ఏ దవాఖానలోనూ మంచం దొరకలేదు. దాచుకున్న మనిషి పోయాడు, మేము మిగిలాము. ఇంకొకరు దాచుకుంటుంటే చూస్తూ కూర్చునే గుండె నాకు లేదు.

వచ్చే ఆదివారం దాకా ఆగుతాను. నీ నోటితో నువ్వే మీ బాపుకు చెప్పు. చెప్పకపోతే నేను చెబుతాను. నువ్వు ఏడ్చినా చెబుతాను. అందాకా కాలు కింద పెట్టకు.

నీ బాపమ్మ
ఎల్లవ్వ


ఉధ్నా, సూరత్
17 జనవరి 2022

నా తల్లి రుచితకు,

నిన్న నువ్వు మాట్లాడిన తరువాత పొట్టనిండా అన్నం తిన్నాను. ముందు ఆ మాట చెప్పాలనిపించింది.

నువ్వు మధ్యలో పంపిన జవాబు చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. పందెం అయ్యేదాకా నోరు విప్పొద్దని నా కాళ్లు పట్టుకున్నట్టు రాశావు. పైగా అంతా నీ అదృష్టం అన్నావు. పరీక్షలు దగ్గరపడ్డాయని సారు నిన్ను మంచు మీదికి పోవద్దన్నాడట, గదిలో కూర్చుని అకౌంట్సు చదువుకొమ్మన్నాడట. డాక్టరమ్మ వచ్చి జట్టులో అందరి మోకాళ్లూ చూసిందట, నీది చూసి ఏమీ అనలేదట, గట్టెక్కావట. ఇక్కడి బడిలో మీ మాస్టరు పొద్దున ఎనిమిదింటికి ఫోన్లో పాఠం మొదలుపెడితే అక్కడ ఇంకా చీకటే కదా. ఇన్నాళ్లూ ఆ చీకట్లో లేచి పాఠం విని, తెల్లవారగానే కొండ ఎక్కేదానివి. ఈ వారం పాఠం అయ్యాక మళ్లీ పడుకున్నావని రాస్తే, కోపంలోనే కొంచెం నెమ్మది అనిపించింది.

నిన్న ఫోను బియ్యం డబ్బాకు ఆనించి ముగ్గురం కూర్చున్నాం. నువ్వు ఎంతకూ చెప్పవు. బోర్డుకు ముందు పెట్టే ప్రీలిమ్స్ పరీక్షలంటావు, జమున చేసిన ఖిచిడీ అంటావు. ఇక నేనే నోరు తెరవబోతుంటే, నువ్వు "బాపూ, నా మోకాలికి దెబ్బ తాకింది, నీకు చెప్పలే" అన్నావు. మైకు ఆపలేదు. తల దించుకోలేదు. మీ బాపు ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. "సరే బిడ్డా, మంచిగ చెప్పినవు, సారుతోని మాట్లాడుత, నువ్వు పండుకో" అన్నాడు. నీకు వింతగా అనిపించి ఉంటుంది. నాకూ అనిపించింది. ఫోను పెట్టేశాక అడిగాను.

"ఏంరా గోపాల్, గంత పెద్ద మాట చెప్తే చల్లగ కూసున్నవేంది?"

"నాకు ఎర్కనే అవ్వా."

"ఎవలు చెప్పిన్రు?"

"ఎవలు చెప్తరు? అదే చెప్పింది. మైకు బంద్ జేసి మాట్లాడింది సూడు, గప్పుడు గ్లాసు అందుకున్న గని కండ్లు ఫోన్ మీదనే ఉన్నయి. నేనుగూడ సాంచాల కాడ పెరిగినోన్నే కద."

అప్పుడు మీ అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "నేను స్టవ్వు కాడికెల్లే సూసిన అత్తమ్మా. మీకిద్దరికి చెప్తె ఆగమైతరని నా కడుపులనే వెట్టుకున్న" అంది.

చూశావా బిడ్డా. వారం రోజులు ముగ్గురం ఒకే గదిలో, ఒకరికి తెలియదని ఒకరం దాచుకుంటూ తిరిగాము. నేను తినకపోతే మీ బాపు "ఏమైందవ్వా" అని అడగలేదు. ఎందుకు అడగలేదో ఇప్పుడు తెలిసింది. వాడి కంచమూ సగమే ఖాళీ అయ్యేది.

నీకు దొరికిన ఆ సెలవు అదృష్టం కాదు. నువ్వు మైకు ఆపిన ఆదివారం సాయంత్రమే మీ బాపు కిందికి పోయి సారుకు ఫోన్ చేశాడట. సారే ఉపాయం చెప్పాడట: నీకు తెలియకుండా చదువు పేరుతో కూర్చోబెడతాను, అందరితో పాటు నిన్నూ చూపిస్తాను, మాట మాత్రం దాని నోటి నుంచే రానివ్వండి అని. నరం సాగింది, తెగలేదు అన్నదట డాక్టరమ్మ. నెల రోజులు కదిలించకపోతే గట్టిపడుతుందట.

ఫిబ్రవరి పందెం మాత్రం లేదు. ఆ మాట నీకు సారు పొద్దున చెప్పాడని, నువ్వు దుప్పటి కప్పుకుని ఏడ్చావని జమున మీ అమ్మకు చెప్పింది. ఏడువు. పోయింది పెద్దదే. వచ్చే చలికాలం మళ్లీ పెడతారట అని చెప్పి నిన్ను ఊరుకోబెట్టను, అంతవరకు ఆగడం ఎంత కష్టమో నాకు తెలియనిది కాదు.

ఇక నిన్ను పిలిపించేస్తాడా అని నేను భయం భయంగా అడిగాను. అడిగేటప్పుడు నాకే వింత అనిపించింది, పిలిపించమని రోజూ మొక్కుకున్నది నేనే కదా. మీ బాపు తల అడ్డంగా ఊపాడు.

"దెబ్బ తాకితే పిలుస్తనన్న నా మాటకే అది దాసుకుంది అవ్వా. మా బాపు గూడ నా పని ఖరాబైతదనే దాసిండు. ఇంట్ల చెప్పాల్నంటే భయపడేటట్టు నేనే చేసిన. గా షరతు నేనే వెట్టిన, నేనే తీసేస్తున్న" అన్నాడు.

ఇప్పటినుంచి దెబ్బ తాకితే పిలవడు. దాస్తే పిలుస్తాడు. ఇదీ కొత్త మాట. నేనూ ఒప్పుకున్నాను. భయం పోయిందని కాదు, అది నాతోనే పోతుంది. జెండాల నడుమ నీ ముఖం అట్లా వెలగాలంటే ఎవరో ఒకరు ఇక్కడ భయపడుతూ కూర్చోవాలి. ఆ పని నేను చేస్తాను, నాకు చేతనైనదే.

నువ్వు మోకాలు ఎత్తు మీద పెట్టుకుని అకౌంట్సు చదువు. పన్నెండో తరగతి బోర్డు పరీక్షలు మార్చి చివర్లో మొదలు. అవి రాసి, కాలు గట్టిపడ్డాక మళ్లీ పో. పొమ్మని నేనే అంటున్నాను, ఈ కాగితం దాచుకో, తరువాత కాదంటే చూపించు. సారు జట్టుతో పాటే నీకూ తిరుగు టికెట్టు తీశాడట. ముంబై నుంచి రైల్లో వస్తావు, ముగ్గురం ఉధ్నా స్టేషన్లోనే ఉంటాం. మార్చి పదమూడు, ఆదివారం.

నీ బాపమ్మ
ఎల్లవ్వ