వీపు లేని కోటు

పిన్నికి,

నేను పొద్దస్తమానం ల్యాప్‌టాప్ ముందు ఊరికే తలాడిస్తూ కూర్చుంటున్నానని అమ్మకు ఫోన్‌లో చెప్పావట. చాలా కష్టంగా అనిపించింది. అది ఊరికే కాదు, ఉద్యోగం. వీడియో మీటింగులో మేనేజర్ మాట్లాడుతుంటే తలూపాలి, మధ్యమధ్య కనుబొమలు ముడవాలి, ఏదో రాసుకుంటున్నట్టు పెన్ను కదపాలి. చేరిన దగ్గర్నుంచీ నాకు వేరే పనేమీ ఇవ్వలేదు కనక ఇది ఇంకా కష్టం. నెలాఖరుకు పర్మనెంట్ చేయకపోతే అమ్మ నన్ను ఇంటికి లాక్కుపోతుంది.

మైకు ఎప్పుడు తెరిచి ఉంటుందో తెలియదు. ఏదైనా చెప్పాలంటే నాలాగే తలుపు కింద నుంచి కాగితం తొయ్యి.

నీ అక్క కూతురు

తా.క. కెమెరాకు నడుము పైభాగమే కనిపిస్తుంది. కింద పైజమా సంగతి అమ్మకు చెప్పకు.

---

పిచ్చితల్లీ,

ఎగతాళికి అనలేదే. నీ మెడ పట్టేస్తుందని బెంగపడి చెప్పాను. కుట్టుమిషన్ ఉన్న ఇంట్లో నువ్వు ఆ నలిగిన చొక్కాతో కూర్చుంటే నాకు తలవంపులు కాదూ? సూట్లు కుట్టగా మిగిలిన గుడ్డతో నీకు కోటు కుట్టాను. ముందువైపుకే సరిపోయింది. కనిపించేదీ ముందువైపే కదా. వీపు మీద నాడాలున్నాయి, ముడేసుకో.

ఆశీస్సులతో,
పిన్ని

తా.క. మిషన్ చప్పుడు వినిపిస్తే పక్క గదిలో గుమాస్తా టైపు చేస్తోందని చెప్పు. ఎంత కావాలంటే అంత తొక్కుతాను.

---

పిన్నీ,

మరీ ఎక్కువ తొక్కావు. "మీ ఇంట్లో ఎవరో తెగ కష్టపడుతున్నారే" అన్నారు మేనేజర్. "మా సహాయకురాలండీ" అన్నాను. రేపు ఆవిణ్ని అందరికీ పరిచయం చేయమన్నారు. ఊళ్లో లేదని చెప్తాను. రేపు మాత్రం మిషన్ ముట్టుకోకు, నీకు పుణ్యముంటుంది.

కంగారులో,
నేనే

తా.క. కోటు అద్దంలో అదిరింది. అద్దానికి వీపు మాత్రం చూపించలేదు.

---

తల్లీ,

సహాయకురాలు లేదంటే నీ మాట పోతుందని మీటింగు మధ్యలో నీ గదిలోకి వచ్చాను. పాత బిల్లుల కట్ట పట్టుకుని "మేడమ్, సంతకం" అన్నాను, అంతే కదా? నువ్వు గభాలున లేచి, వెనక్కి తిరిగి, నన్ను బయటికి తోస్తావని కలగన్నానా? నాడాలూ పైజమా అందరూ చూసేశారు. నీ ఉద్యోగం పోతే తప్పు నాదే. మీ అమ్మకు నేనే చెప్పుకుంటాను. తలుపు తియ్యవే.

పిన్ని

తా.క. ముడి మాత్రం ఊడలేదు, గమనించావా?

---

పిన్నీ,

నేను ఏడవడం లేదు. ఇంతసేపూ మేనేజర్‌తో మాట్లాడాను. విడిగా పిలిచారు. తిడతారనుకున్నాను. గొంతు తగ్గించి, "ఈ వేషమంతా ఎందుకు, మీకూ పని లేదా?" అని అడిగారు. ఆయనకూ లేదట. పైవాళ్లకు తీరిక లేనట్టు కనిపించడానికే రోజూ ఈ మీటింగు పెడుతున్నారట. ఎవరికీ చెప్పకపోతే ఈ రోజే పర్మనెంట్ చేస్తానన్నారు.

నువ్వు ఆ కట్టతో రాకపోయి ఉంటే నాకిది ఎప్పటికీ తెలిసేది కాదు. నాకోసం కోటు కుట్టావు, గుమాస్తావయ్యావు, అంతమంది ముందు నన్ను మేడమ్ అన్నావు. ఇంతవరకు నన్నెవరూ ఇంత గట్టిగా నమ్మలేదు. నోటితో చెబితే మాట దాటేస్తావని రాస్తున్నాను.

నీ కూతురు

తా.క. ఆయనకూ అలాంటి కోటు కావాలట, కాలర్ కాస్త గట్టిగా. కొలతలు పంపిస్తారు. నేను మాత్రం పని లేని పర్మనెంట్ వద్దన్నాను. పని ఉన్న విభాగానికి మార్చమని పైవాళ్లకు రాశాను. మార్చకపోతే మానేస్తాను.