పొట్టి మేకుల గోడ

బావమరిదికి ఆశీస్సులు.
కట్టడాల గట్టిదనం చూసే మీ పరీక్షల ఆఫీసుకి లారీలో ఒక చెక్కగోడ పంపాను. మేం కట్టే మూడంతస్తుల చెక్క భవనంలో గోడలన్నీ ఇలాంటివే. ఒకసారి తట్టి చూసి, గట్టిదని కాగితం రాసిచ్చెయ్. గోడ భద్రం, గీత పడకూడదు.
ఇట్లు, నీ బావ.
తా.క.: పాలిష్ రెండు పూతలు వేయించాను. మీ పెద్దసారుకి చూపించు.

బావగారికి నమస్కారాలు.
గోడని నేలకి బిగించి, పైమూలన యంత్రంతో పక్కకి నెట్టాం. పెద్ద గాలివానకి వచ్చే ఒత్తిడిలో సగానికే కింది మూల అతుకు ఊడిపోయింది. మేకులు మరీ పొట్టివి. స్తంభం లేచొచ్చింది, గోడ చీలిపోయింది.
మీ బావమరిది.
తా.క.: పాలిష్ మాత్రం చెక్కుచెదరలేదు.

ఏమయ్యా బావమరిదీ,
అన్నం ఉడికిందో లేదో చూడమంటే కుండ పగలగొడతావా? పెళ్లినాటి నుంచి నా మీద ఎంత కక్ష దాచుకున్నావో ఇప్పుడు తెలిసింది. ఇంకో గోడ పంపుతున్నాను. జానెడేసి బోల్టులు, మూలమూలకీ ఇనప రేకులు. చేతనైతే దీన్ని విరగ్గొట్టు.
నీ బావ.
తా.క.: సంగతి విని మీ అక్క నవ్వింది. అప్పట్నుంచీ ఆవిడతో మాట్లాడటం మానేశాను. ఆవిడింకా గమనించలేదు.

బావగారికి నమస్కారాలు.
రెండో గోడ కదల్లేదు. మా యంత్రమే నూనె కక్కింది. విరగ్గొట్టడం కక్షతో కాదండీ, ఇక్కడ విరిగితే అక్కడ విరక్కుండా చూసుకోవచ్చని. భవనంలో అన్ని గోడలకీ ఇవే బోల్టులు వేస్తామని రాసివ్వండి, కాగితం ఇస్తాను. పని ఎప్పుడు మొదలు?
మీ బావమరిది.
తా.క.: మీరు మాట్లాడటం లేదని అక్కకి చెప్పాను. "ఓ, అందుకేనా ఇంత హాయిగా ఉంది!" అంది.

బావమరిదికి,
మొదలేంటయ్యా! భవనం ఎప్పుడో పూర్తయింది, జనం కూడా దిగారు. దాన్లో ఉన్నవి మొదటిరకం గోడలే. బోల్టుల గోడ నీ కోసం చేయించింది. అన్నిటికీ అవే వేస్తే నాకేం మిగులుతుంది? కాగితం అడుగుతున్నది పర్మిషనిచ్చే ఆఫీసువాళ్లు, గాలివాన కాదు.
నీ బావ.
తా.క.: ఏ భవనమో అడగలేదేం? మొన్న మీ అమ్మాయికి పైగది ఇప్పించానే, ఆ హాస్టలే. గాలి బాగా వస్తుంది.

బావగారికి,
ఈసారి నమస్కారాలు లేవు. మీ ఉత్తరం చదివి చెప్పులైనా వేసుకోకుండా బస్సెక్కాను. మా అమ్మాయి బట్టలు సర్దుకుంటుంటే ఆ గోడకి చెయ్యి ఆన్చడానికే నాకు భయమేసింది. మొదటి గోడ ఫలితం పైవాళ్లకిచ్చి, హాస్టల్లో ఉన్నవి అవేనని చెప్పాను. పిల్లలందర్నీ దించేశారు.
తా.క.: అక్క మా ఇంటికొచ్చేసింది. ఈసారి మాట్లాడనిది ఆవిడ. గమనించగలరు.

బావమరిదికి,
నా కొంప కూల్చావు. సరే. భవనం గట్టిదని లోకానికి చూపించడానికి నేనొక్కణ్ణే పైగదిలో మకాం పెట్టాను. నన్నిక్కణ్ణుంచి ఎవడు కదిలిస్తాడో చూస్తాను. మూడంతస్తుల్లోనూ నా దగ్గు నాకే వినిపిస్తోంది. పక్కగది ఖాళీగానే ఉందని మీ అక్కకి చెప్పు.
నీ బావ.
తా.క.: జవాబు హాస్టల్‌కి రాయకు. ఎదురుగా ఉన్న టీకొట్టుకి రాయి. గాలి వేసినప్పుడల్లా అక్కడే ఉంటున్నాను. రోజూ గాలి వేస్తోంది.