చిక్కబడ్డ రక్తం

ఖైసర్‌కు నీ భాభి సలాం.

ఫోన్ల చెప్తే అత్తమ్మ పక్కనే కూసుంటది, అందుకే రాస్తున్న. నలభై దినాల ఫాతెహాకు కట్టంగూర్ వచ్చినప్పుడు మీ అన్న రక్తం రిపోర్టు ముచ్చట ఎత్తకు. నువ్వు చౌటుప్పల్ల ల్యాబుల పనిచేస్తవు, డి-డైమర్ అంటే ఏందో నీకెరుక. ఆమెకు తెల్వది, తెల్వకనే ఉండనీ.

కరోనాతోని మీ అన్న నీరసపడంగనే, రక్తం పల్చబడ్డదని అత్తమ్మ రోజూ మేక కలేజీ, గదే కార్జం, సూప్ కాసి నల్లగొండ దవాఖానకు తెచ్చింది. ఒకనాడు డాక్టర్ బయటికొచ్చి, రక్తం చిక్కబడుతాందన్నడు. ఆమె ఆడనే కొంగు చాపి దువా చేసింది. ఇంటికొచ్చి వాడకట్టంతా ఖీర్ పంచింది. నేను నర్సమ్మను అడిగితే, గట్ల చిక్కబడితే గడ్డలు కట్టి ఊపిరితిత్తుల అడ్డం పడతయని, రిపోర్టుల డి-డైమర్ పెరిగిందంటే గదేనని చెప్పింది. తెల్లారి ఆయన పోయిండు.

ఇప్పుడు పరామర్శకు వచ్చినోళ్లందరికీ, "నా సూప్‌తోనే రక్తం చిక్కబడ్డది, ఇంకొన్ని దినాలు తాపితే బతుకుతుండె" అని చెప్తాంది. జబ్బుతోనే గట్లయింది, సూప్‌కు దానికి సంబంధం లేదని డాక్టర్ నాతోని అన్నడు. కానీ చిక్కబడుడే ప్రాణం తీసిందని తెలిస్తే, ఆ మాట ఆమె నమ్మదు. నా చేతులతోనే కొడుకును చంపుకున్న అనుకుంటది.

నువ్వు బక్కగైనవని నీకోసం కూడా కలేజీ తెప్పిస్తాంది. ఏం మాట్లాడకుండ తిను. ఇంకొంచెం పెట్టమని అడుగు.