ఆఖరి పది కొమ్మలు

అక్టోబరు 11

ఈ నదికి రెండు గట్ల మీదా ఎదురులేని ఒలింకా అత్తకి, మేనల్లుడు ఎవాన్ తల వంచుకుని రాస్తున్నది.

ముందుగా నా క్షమాపణలు. అవి చిన్నాచితకవి కావు. నేను పాపిని అత్తా. నీ కూతురు మత్రోనా పురిటికని కింది ఊరికి పడవెక్కుతూ నువ్వు నా చేతిలో తాళంచెవి పెట్టి, "కుక్కకి వేళకి తిండి పెట్టరా" అన్నావు. ఆ కుక్క వాటా ఎండు సాల్మన్‌లో సగం నేనే తిన్నాను. కుక్క నోరు విప్పదు కాబట్టి నేనే చెప్పుకుంటున్నాను. నీ ఇంటి ముందు మెట్టు విరిగింది. అది నా బరువుకి కాదు, నా చదువు బరువుకి. ఈ ఏడు చలి పది రోజులు ముందొచ్చింది. దానికీ బాధ్యుణ్ణి నేనే, పిల్లలకి "ఇంకా టైముంది" అని చెప్పింది నేనే కనక. ఈ నేరాలన్నీ క్షమించు. వీటిలో ఏది క్షమించకపోయినా నాకు నిద్ర పడుతుంది.

బడి ఎప్పటిలాగే ఉంది. పదకొండుమంది పిల్లలు, ఒక పొయ్యి, ఒక నేను. పొద్దున్నే పొయ్యి వెలిగించి, దాని చుట్టూ తడి సాక్సులూ చేతి తొడుగులూ ఆరేసి, ఆ కంపులో విద్యాదానం మొదలుపెడతాను. హాజరు పిలిచేటప్పుడే నాకు కష్టం. రిజిస్టరులో క్లారా అని ఉంటుంది. ఆ పిల్ల పలకదు.

"క్లారా ఎవరు బావా?" అంటుంది, వెనక్కి తిరిగి వెతుకుతున్నట్టు నటిస్తూ.

"బడిలో బావ అనకు. సార్ అను."

"సార్ బావా, స్వెట్టరు తిరగేసి తొడుక్కున్నావు."

నిజంగానే తిరగేసి ఉంది. పదిమంది బల్లలు గుద్ది నవ్వారు.

నీ కొడుకు చనిపోయిన ఆ చలికాలం దాటాక పుట్టిందని దానికి వాడి పేరే, ఉసుగన్ అని, పెట్టింది నువ్వే. పేరు వచ్చిందంటే మనిషి తిరిగొచ్చినట్టే. నువ్వు దాన్ని "నా కొడకా" అంటావు, అది నిన్ను "అమ్మా" అంటుంది. వాడికి బావనైన నేను దానికీ బావనే. ఊరంతా వరసలు సర్దుకుంది. నేను మాత్రం ఆరేళ్లుగా దాన్ని ఆ పేరుతో పిలవలేదు. బావ ఏడిపిస్తే తిరిగి ఏడిపించడం మన ఇళ్లల్లో మర్యాద. నేనేమో ఆరేళ్ల బావ ఏడిపిస్తుంటే రిజిస్టరు వెనక దాక్కుంటున్నాను.

గట్టు వారన ఐసు పట్టడం మొదలైంది. నీ వంటింటి మేకుకి నీ కొడుకు కోటు అలాగే వేలాడుతోంది. నేను గిన్నె పట్టుకుని లోపలికెళ్తే కుక్క ముందు ఆ కోటుకి తోక ఊపి, తర్వాత నాకు ఊపుతోంది.

నీ తిండిపోతు మేనల్లుడు,
ఎవాన్

నవంబరు 3

ప్రియమైన అత్తా,

నీ ఆజ్ఞ రేడియోలో వచ్చింది. ఇంటింటికీ ఆ రేడియో ఉంది కనక ఊరంతా వింది. "మనవడు పుట్టాడు. నేను విమానం ఎక్కను, రెక్కలు పక్షులకి. నది గట్టిపడ్డాక వస్తా. గట్టి ఐసు ఎక్కడుందో తెలిసేలా దారికి కొమ్మలు ఎవాన్ పాతాలి. నా కొడుకుతో కలిసి పాతినవాడు వాడు. వాడు పాతిన దారైతే కళ్లు మూసుకుని వస్తా."

"కళ్లు మూసుకుని" అనకుండా ఉండాల్సింది అత్తా.

సాయంత్రం ఆవిరి గదిలో వసీలీ తాత రాళ్ల మీద నీళ్లు చల్లుతూ అందుకున్నాడు. "ఏరా మాస్టారూ, రాణీగారి హుకుం విన్నావా?"

"నాకు బడి ఉంది తాతా."

"శనివారం కూడానా?"

"పిల్లల పుస్తకాలు దిద్దాలి."

"పదకొండు పుస్తకాలు ప్రతి చలికాలం మంచు కరిగేదాకా దిద్దుతావేంట్రా! ఏడేళ్లయింది నువ్వు నది మీద కాలు పెట్టి. కొమ్మలు నరకమంటే నరుకుతావు, పాతమంటే పారిపోతావు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిరి గదిలో ఒక సుఖం ఉంది, ముఖం మీద ఏం కారుతోందో ఎవరూ అడగరు.

గడ్డకడుతున్న నది పగలంతా మూలుగుతోంది. లెక్కల క్లాసు మధ్యలో మూలుగుతుంది, పిల్లలు తలెత్తరు, నేను సుద్దముక్క విరగ్గొడతాను. నిన్న ఇంటర్వెల్ అయ్యాక ఆ పిల్ల నా బల్ల దగ్గరికొచ్చి రెండు చేతులూ చాపింది. వేళ్లు ఎర్రగా కందిపోయాయి.

"చల్లగా ఉన్నాయి బావా. నా తొడుగులు నీ దగ్గరే ఉన్నాయిగా, ఇచ్చెయ్."

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"అవే, అక్కడ" అని పొయ్యి వైపు చూపించింది. పొద్దున నేనే ఆరేసిన దాని ఉన్ని తొడుగులు. తీసి ఇచ్చాను. అది నా ముఖంలోకి చూసి, "దెయ్యాన్ని చూసినట్టు చూస్తావేంటి!" అని నవ్వుతూ పోయింది. ఆ నవ్వు నీ కొడుకుదే. ఒకవైపే లేస్తుంది పెదవి.

ఎందుకు అదిరానో చెప్పాలంటే ఇంకో సంగతి చెప్పాలి. నువ్వు వాడికి బీవరు తోలుతో కుట్టిన తొడుగులు వాడితో మునిగిపోలేదు అత్తా. నా పెట్టెలో ఉన్నాయి. ఎలా వచ్చాయో ఈ కాగితం మీద రాయడానికి రెండుసార్లు ప్రయత్నించాను. రెండుసార్లూ జోకులే వచ్చాయి.

ఎవాన్

నవంబరు 19

అత్తా,

ఈ ఉత్తరం వసీలీ తాత తన మంచుబండి మీద తెచ్చి నీ చేతికిస్తాడు. నిన్ను తీసుకురావడానికే వస్తున్నాడు. చదివాకే బండెక్కు.

రెండు రోజులు దారి పాతాం. నూట నలభై విల్లో కొమ్మలు. ప్రతి కొమ్మ దగ్గరా ఐసు ఆగుతుందో లేదో చూడటానికి ఇనుప మొన కర్రతో మూడు పోట్లు నేను పొడిచాను. నా వెనకే వచ్చి మళ్లీ పొడవమని వసీలీ తాతని అడిగాను. "నీ పోటు మీద నీకే నమ్మకం లేదా?" అన్నాడు. "అత్తకి చెప్పాక నీకూ చెబుతా" అన్నాను. ముసలాయన నది వంపు దాకా నా వెనకే పొడుస్తూ వచ్చాడు.

పిల్లల్ని గట్టు దాటనివ్వలేదు. కొమ్మలు అందించే పని వాళ్లది. ఆ పిల్లకి నా పెట్టెలోంచి బీవరు తొడుగులు తీసి ఇచ్చాను. మోచేతుల దాకా వచ్చాయి. వాసన చూసింది. ఎవరివని అడగలేదు. గట్టు మీద నిలబడి ఒకటే అరుపు: "గట్టిగా పొడువు బావా! చేప తినలేదా?"

"నీ వాటా కూడా తిన్నానులే ఉసుగన్ బావా!" అన్నాను. అనేశాక నాకే వినబడింది.

వంపు దగ్గర మూడో పోటుకి నల్లటి నీళ్లు పైకి ఉబికాయి. పైన తెల్లగా, నున్నగా, బల్లపరుపుగా ఉంది. దారిని రెండు వందల అడుగులు అవతలికి జరిపాం. కాబట్టి దారి మంచిదే. కానీ నా మాట మీద రాకు, వసీలీ తాత మాట మీద రా. కళ్లు మూసుకుని మాత్రం ఎవరి మాట మీదా రాకు.

మొదటి ఉత్తరంలో అడిగిన క్షమాపణలన్నీ వెనక్కి ఇచ్చెయ్. అవి దొంగవి. నీ కొడుకు మునిగిపోయాడన్న రోజు నువ్వు ఊరందరికీ వండి పెడుతూ, "ఎవరినీ అనకండి, నది మనసు మార్చుకుంది" అన్నావు. నా గిన్నెలో రెండోసారి వడ్డించావు కూడా. నేను తిన్నాను. నది మనసేమీ మార్చుకోలేదు అత్తా.

ఆ ముందురోజు శనివారం. అప్పుడు నేను కాలేజీ నుంచి సెలవులకి వచ్చాను. వాడు పొడుస్తున్నాడు, నేను పాతుతున్నాను. వంపు దగ్గర ఇంక పది కొమ్మలు మిగిలాయి. వల లాగడానికి రమ్మని నువ్వు గట్టు మీంచి పిలిచావు. వాడు కర్ర నా చేతికిచ్చాడు. నా చేతులు వణుకుతున్నాయని తన తొడుగులు విప్పి నాకు తొడిగాడు. "పది తొడుగులు తొడిగినా ఈ కాలేజీ చేతులు కొమ్మ పట్టలేవు బావా" అన్నాడు. "ఒక్కో అడుగూ పొడిచి చూడు. రేపు నేనే వెళ్తున్నాను ఈ దారిన." అప్పటికే బడి జిమ్‌లో బాస్కెట్‌బాల్ ఆట మొదలైంది, అరుపులు వినిపిస్తున్నాయి. ఆలస్యమైతే నన్ను ఆడనివ్వరేమోనని నా భయం. చేతులు వెచ్చగా ఉన్నాయి, కర్ర చేతిలోనే ఉంది, ఇంకా వెలుతురుంది. చలి అనో చీకటి అనో చెప్పుకోవడానికి కూడా వాడు నాకేమీ మిగల్చలేదు.

ఆ పది కొమ్మలూ ఒక్కచోట కూడా పొడిచి చూడకుండా పాతాను.

ఎవాన్