ఘొల్లుమన్న క్లబ్బు

చింతపల్లి,
సోమవారం.

మహిళా సంఘం అధ్యక్షురాలు ఈశ్వరమ్మ గారికి హాస్యాభివందనాలు.

మొన్న మీ ఊరొచ్చినప్పుడు చూశాను, మీ కొండ మీద ఫోను పలకదు; అందుకే ఈ ఉత్తరం జీపులో పంపుతున్నాను. విశాఖలో రెండు కామెడీ క్లబ్బులు నడిపాను (అవి ఎందుకు మూతపడ్డాయన్నది అనవసరం). ఇక ఏజెన్సీకి నవ్వు నేర్పుదామని ఇక్కడ మూడోది తెరుస్తున్నాను. శనివారం ప్రారంభం. పెట్టుబడి పెట్టే భారతి గారు వస్తున్నారు. కుర్చీలు నిండాలి, మీ సంఘం వాళ్ళను తీసుకురండి. కొండవాళ్ళ అమాయకత్వం మీద నేనే జోకులు చెబుతాను. ప్రతి జోకుకీ అందరూ ఘొల్లుమనాలి.

ఇట్లు,
లక్ష్మీప్రసాద్,
నవ్వుల పారిశ్రామికవేత్త.

తా.క. ముందు ఘొల్లుమనడం, తరవాతే ఉప్మా.

*

లక్ష్మీప్రసాద్ బాబుకి ఈశ్వరమ్మ దండాలు.

చెప్పినట్టే చేశాం. మా ఊళ్ళో చావింట్లోనే ఘొల్లుమంటారు. పోయిందెవరో మీరు రాయలేదు, అడగడం మర్యాద కాదని మేమూ ఊరుకున్నాం. మీరు నోరు తెరిచినప్పుడల్లా గుండెలు బాదుకున్నాం. భారతమ్మ గారూ కళ్ళు తుడుచుకుంటూ కనబడితే, "ఎవులు పోనారమ్మా?" అని మెల్లగా అడిగాను. "నా డబ్బు" అన్నారు.

మీ మేలు కోరే,
ఈశ్వరమ్మ.

తా.క. ఏడుపు వస్తుందో రాదో అని భయపడ్డాం. మీ జోకులు మొదలయ్యాక ఇబ్బంది లేకపోయింది.

*

ఈశ్వరమ్మ గారికి నమస్కారం. ఈసారి ఉత్త నమస్కారమే.

నేను ఘొల్లుమనమన్నది నవ్వమని! భారతి గారి కాళ్ళావేళ్ళా పడి మరో శనివారం ఒప్పించాను. చలి చూడ్డానికొచ్చిన టూరిస్టులూ ఉంటారు. నేను స్టేజీ ఎక్కినప్పటి నుంచి దిగేదాకా నవ్వండి. ఏం జరిగినా సరే, నవ్వండి.

ఇట్లు,
లక్ష్మీప్రసాద్.

తా.క. పళ్ళు కనబడాలి. ఫొటోలు తీస్తారు.

*

ఆసుపత్రి మంచం మీద నుంచి,
ఈశ్వరమ్మకు.

స్టేజీ మెట్టు మీద జారితే నవ్వారు, సరే. "అమ్మో, కాలు!" అని అరిస్తే చప్పట్లా? స్ట్రెచరు ఎక్కిస్తుంటే "ఇంకోపాలి!" అని కేకలా? తరవాత హాల్లో ఏం జరిగింది? భారతి గారు ఫోను ఎత్తడం లేదు. వెంటనే రాయండి.

ఇట్లు,
కాలు విరిగిన లక్ష్మీప్రసాద్.

తా.క. నేను కిందపడ్డ ఫొటోలో నిజంగానే మీ అందరి పళ్ళూ కనబడుతున్నాయి.

*

లక్ష్మీప్రసాద్ బాబుకి దండాలు.

మీ కాలు బాగవాలని కొండదేవతకు మొక్కాం.

టిక్కెట్టు కొన్నవాళ్ళను ఊరికే పంపడం పాపమని, మా సంఘంలోని పిల్ల, సోని గుంట, మైకు అందుకుంది. జోకులేవీ రావంది. "ఆ బాబు మా ఊరొచ్చి ఏటి సేసినాడో సెప్తాను, సాలా?" అంది. మీరు కాఫీ పళ్ళు నములుతూ "రేగుపళ్ళు ఇలా ఉన్నాయేమిటి?" అన్న తీరు, జలగ పట్టిందని జీపెక్కి మూడు భాషల్లో అరిచిన తీరు, అచ్చం మీలాగే చేసి చూపించింది. టూరిస్టులు కుర్చీల మీంచి జారిపోయారు. భారతమ్మ గారు ఆ పూటే పెట్టుబడి మా సంఘానికిచ్చారు. క్లబ్బు ఇప్పుడు మేమే నడుపుతున్నాం. జనం మీ కోసమే వస్తున్నారు బాబూ. బోర్డు మీద బొమ్మ మీదే వేయించాం.

మీ మేలు మరవని,
ఈశ్వరమ్మ.

తా.క. సోనికి మీ కుంటినడక ఎంతకీ పట్టుబడటం లేదు. కాలు నయమయ్యేలోపే ఒకసారి వచ్చి నడిచి చూపించండి. బేగి రండి.