ఏంజెల్ మడిలో తెల్లపూలు

అక్టోబరు 15, మంగళవారం

చిట్టీ,

చర్చిలో ఇచ్చిన డైరీ జనవరి నుంచి ఖాళీగానే ఉంది. నేను చదివింది అయిదు. తప్పులుంటే నవ్వుకో. నువ్వుంటే నవ్వేదానివే.

దసరా సెలవులు అయిపోయాయి. నువ్వు పోయాక ఈరోజే మళ్ళీ డ్యూటీకి పోయాను. నీ క్లాసు వదిలేసి మిగతా క్లాసులన్నీ ఊడ్చాను. బెల్లు కొట్టాను. పిల్లలు ఆయమ్మా ఆయమ్మా అని ఉరికొచ్చి, దగ్గరికి రాగానే నోరు మూసుకున్నారు.

స్కూలు వెనక మీ సైన్సు ప్రాజెక్టు మళ్ళవైపు పోవడానికి మధ్యాహ్నం దాకా ధైర్యం చాలలేదు. అందరి మళ్ళూ కలుపు తీసి శుభ్రంగా ఉన్నాయి. నీ మడి ఒక్కటే ఎవరూ ముట్టలేదు. మీ సైన్సు సారు ప్రసన్నకుమార్, మిమ్మల్ని అడగకుండా చెయ్యి పెట్టబుద్ధి కాలేదమ్మా అన్నాడు. ఐస్‌క్రీం పుల్ల మీద నీ రాత అట్లాగే ఉంది. ఏంజెల్, సెవెన్త్ బి, క్యారెట్.

మడి నిండా పచ్చగా ఉంది చిట్టీ. ఆకులు చీలికలు చీలికలుగా. క్యారెట్ ఆకు అట్లే ఉంటుందని నువ్వే చెప్పావు. గింజలు వేసిన రోజు చేతులు కడుక్కోకుండానే ఇంటికొచ్చి, చర్చిల కోత పండుగకు ఈసారి కొత్తపేట మార్కెట్ల కొన్న గుమ్మడికాయ ఒద్దు మమ్మీ, నేను పండించిందే దేవుని బల్ల మీద పెడతా అన్నావు. వారం తిరక్కుండా జ్వరం వచ్చింది.

కోత పండుగ వచ్చే నెల ఇరవై నాలుగున. నీ మాట నేను చెల్లిస్తాను.

అక్టోబరు 17

మీ డాడీ ఆటో గేటు బయట పెట్టి లోపలికొచ్చి మడి చూశాడు. ఎలీశా, ఇది వయ్యారిభామ గదా అన్నాడు. పత్తి చేన్ల నాకంటె నువ్వే ఎక్కువ పీకినవ్, నీకు తెల్వదా అన్నాడు.

క్యారెట్ చేను ఎన్నడన్న చూసినవా యాకోబూ అని అడిగాను. లేదన్నాడు. నేనూ చూడలేదు. అయితే మాట్లాడకు అన్నాను.



అక్టోబరు 22

నీళ్ళు పోశాను.

అక్టోబరు 29

మీ క్లాసు సుమన్ గాడు అందరి ముందర, ఆయమ్మా, నీ క్యారెట్లు సగ్గుబియ్యం కాస్తున్నయ్ చూడు అని అరిచాడు. పిల్లలు విరగబడి నవ్వారు. చీపురు పట్టుకుని వెంటపడ్డాను. వాడు అందకుండా ఉరికి, పాయసం ఎప్పుడు పోస్తవ్ అని ఇంకో మాట విసిరాడు. నువ్వుండగా వాడు నిన్నూ ఇట్లే ఏడిపించేవాడు. నువ్వు ఊరుకునేదానివి కావు.

పిల్లలు క్లాసుకు పోయాక వంగి చూశాను. చిన్న చిన్న తెల్ల మొగ్గలు. చిన్నప్పటి నుంచి చూస్తున్నవే.

అన్నీ గిల్లేశాను. కొంగులో వేసుకుని చెత్తడబ్బాలో పోసి, పైన కాగితాలు కప్పాను.

నవంబరు 5

ఈరోజు సారు కలుపు పాఠం చెప్పాడు, బోర్డు మీద కాదు, బయట. మెట్రో స్తంభం కింద దొరికిందట, వయ్యారిభామ మొక్కను వేళ్ళతో సహా కవర్లో పెట్టి తెచ్చాడు. ఒక్క చెట్టు వేల గింజలు రాలుస్తుంది, పూత రాకముందే పీకాలి, ఉత్త చేతులతో ముట్టొద్దు, దద్దుర్లు వస్తాయి, ఆయాసం వస్తుంది అని చెప్పాడు. పిల్లలందరూ ఆ మొక్కను చూశారు. తర్వాత నీ మడిని చూశారు. సారు మాత్రం మడిని చూడలేదు, నన్ను చూశాడు.

పాఠం అయ్యాక నీ ఫ్రెండు మృదుల నా దగ్గరికొచ్చింది. ఆయమ్మగారూ, అడుగున నిజంగా క్యారెట్లు ఉన్నాయండీ, నేనూ ఏంజెలూ కలిసే వేశాం, పైవి తీసేస్తే వాటికి గాలి తగులుతుందండీ అంది. ఆంధ్ర పిల్ల, ఎంత మెల్లగా మాట్లాడుతుందో. నేను మాత్రం మెల్లగా చెప్పలేదు. నీ మడి నువ్వు చూసుకో పో అన్నాను. దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

సారు వచ్చి, వచ్చే వారం అందరం కలిసి తీద్దామమ్మా అన్నాడు. నా బిడ్డ మడిల ఎవరన్న చెయ్యి పెడితే నేను మనిషిని కాను సార్ అన్నాను.

ఏది నీ చేతితో పడిందో, ఏది గాలికి వచ్చిందో నాకెట్ల తెలుస్తుంది చిట్టీ? ఒక్కటి తప్పు పీకితే? కలుపు తీసేటప్పుడు ఎప్పుడూ రెండు మంచి మొక్కలు కూడా పోతాయి. పత్తి చేనులో పోతే పోయాయి అనుకునేవాళ్ళం.

నవంబరు 12

వేళ్ళ సందుల్లో దురద. దద్దుర్లు మణికట్టు దాకా వచ్చాయి. అంట్ల సబ్బు పడట్లేదని మీ డాడీకి చెప్పాను. పొద్దున్నే పోయి మళ్ళీ గిల్లాను. ఒకటి గిల్లితే పక్క నుంచి నాలుగు వస్తున్నాయి.

నవంబరు 16, శనివారం, సాయంత్రం

ఎట్ల రాయాలో తెలియట్లేదు.

ఒక్కపూట బడి. పిల్లలు వెళ్ళిపోయారనుకుని వెనక గేటు తాళం వెయ్యడానికి పోయాను. నీ మడి దగ్గర ఎవరో కూర్చున్నారు. యూనిఫాం, రెండు జడలు. ఒక్క క్షణం నువ్వే అనుకున్నాను.

మృదుల. ఉత్త చేతులతో పీకుతోంది. పక్కన కుప్ప. ఎవరే నిన్ను పీకమన్నది అని అరుస్తూ పోయాను. అది తల తిప్పింది. కళ్ళు వాచి మూసుకుపోయాయి. చెమట తుడుచుకుందేమో ఆ చేతులతోనే. గొంతులో నుంచి ఈల లాంటి చప్పుడు వస్తోంది. ఇటువైపు అయిపోవచ్చిందండీ ఆయమ్మగారూ అనబోయి దగ్గింది. ఇంక మాట రాలేదు.

భుజాన వేసుకుని ఉరికాను. నిన్ను కూడా అట్లే ఎత్తుకున్నాను. అంతే బరువు. మీ డాడీకి ఫోన్ చేస్తే దగ్గర్లోనే ఉన్నాడు. కొత్తపేట సిగ్నల్ దగ్గర రెడ్ పడితే ఆగకుండా పోనిచ్చాడు. దారి పొడుగునా ప్రార్థన చెయ్యాలనుకున్నాను, మాటలు రాలేదు. ఊపిరి తీసుకో బిడ్డా, ఊపిరి తీసుకో. ఇదొక్కటే నా నోట్లో నుంచి వచ్చింది.

దవాఖానలో మాస్కు పెట్టారు. సూది వేశారు. ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేది అన్నాడు డాక్టరు. గోడకు ఆనుకుని కూలబడ్డాను. ఆ వాసన, ఆ లైట్లు. మీ డాడీ నా తల మీద చెయ్యి పెట్టి బయటికి పోయి నిలబడ్డాడు.

మృదుల పడుకుంది. బతికింది చిట్టీ.

నవంబరు 17, ఆదివారం

చర్చికి పోలేదు.

నవంబరు 18

మృదుల వాళ్ళ అమ్మ నాగేశ్వరి స్కూలుకొచ్చింది. ప్రిన్సిపాల్ మేడం రూములో అందరం నిలబడ్డాం. మా పిల్లకి చిన్నప్పటి నుంచీ ఆయాసం ఉందని రాసిచ్చాం కదండీ, అలాంటి మొక్కల్ని బళ్ళో ఎవరు పెంచారండీ అని అడిగింది. గొంతు పెద్దది చెయ్యలేదు. అందుకే ఇంకా భయం వేసింది. సారు, తప్పు నాది మేడం, ప్రాజెక్టు నాది అన్నాడు. నేను నోరు తెరిచేలోపల ఆమె నా చేతులు చూసింది. కొంగు కింద దాచుకోబోయాను.

మృదుల ఒంటి మీద ఉన్న దద్దుర్లే నా చేతుల మీద.

అప్పుడు ఆమెకు అర్థమైంది. నా మొహం చూసి, మీరు ఏంజెల్ వాళ్ళ అమ్మగారా అంది. అవునన్నాను. ఆమె కూర్చుంది. మా అమ్మాయి ఇంట్లో ఇప్పటికీ ఏంజెల్ అంది ఏంజెల్ అంది అనే మాట్లాడుతుందండీ అంది. పోయేటప్పుడు, మీరూ చేతులకి మందు రాసుకోండి అంది. తిట్టినా బాగుండేది.

మేడం మాత్రం, శుక్రవారం మేస్త్రీ వస్తాడు, ఆ జాగా మొత్తం సిమెంట్ పోయిస్తా అంది. నీ ఒక్క మడి కాదు, అందరి మళ్ళూ.

మేడం, గురువారం దాకా ఆగండ్రి, నేనే తీస్తా, ఒక్క కలుపు మొక్క కనబడ్డా మీ ఇష్టం అన్నాను. సారు నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

నవంబరు 20

నిన్న బోరుకు పైపు పెట్టి మడి తడిపించాను. తడి నేలలో వేరు తెగకుండా వస్తుంది. పొద్దున సారు, పిల్లలూ చేతులకు కవర్లు కట్టుకుని, మొహాలకు కర్చీఫులు కట్టుకుని వచ్చారు. సుమన్ గాడు, బ్యాంకు లూటీకి పోతున్నట్టున్నం సార్ అన్నాడు. నాకు నవ్వొచ్చింది. చాలా రోజులకు.

మొదటిది నేనే పీకాలని అందరూ ఆగారు. కూర్చున్నాను. చెయ్యి పోలేదు. పిల్లలు ఎవరూ తొందర పెట్టలేదు. సుమన్ కూడా.

మొదలు దగ్గర పట్టుకోవాలె, పైన పట్టుకుంటే తెగుతది, మళ్ళ మొలుస్తది అని చెప్పాను. నాకు మా అమ్మ చెప్పిన మాట. చెప్తూ చెప్తూ పీకాను. తర్వాత చెయ్యి దానంతటదే పోయింది. ఆకు నలిపి వాసన చూపించాను. క్యారెట్ ఆకు తీరు వేరు, వాసన వేరు అని సారు చెప్పాడు. నేనూ పిల్లలతో కూర్చుని నేర్చుకున్నాను.

మృదుల పీకిన చోటే దొరికాయి చిట్టీ. గాలి తగిలి నిటారుగా లేచాయి. గుప్పెడు కూడా లేవు. వేలు కంటే సన్నం, ఒకటి రెండు కాళ్ళ మనిషిలా వంకర. మిగతా మడంతా వట్టిదే. నేను నీళ్ళు పోసిందంతా కలుపు మొక్కలకే. నీవి మాత్రం వాటి కింద గాలి ఆడక చచ్చిపోయాయి.

మేడం వచ్చి మడి చుట్టూ తిరిగి చూసి పోయింది. మేస్త్రీని రావొద్దన్నదని సారు ఇప్పుడే ఫోన్ చేశాడు.

నవంబరు 23

రేపు కోత పండుగ. క్యారెట్లు తడిగుడ్డలో చుట్టి పెట్టాను. నీ మాట నీ మాటే. కాని పొద్దుటి నుంచి ఇంకో ఆలోచన వస్తోంది. మీ డాడీని అడిగాను. దేవునికి గుమ్మడికాయలు మస్తుగ ఒస్తయ్ ఎలీశా అన్నాడు.

నీకు కోపం రాదు గదా చిట్టీ.

నవంబరు 24, కోత పండుగ

మృదులా,

నేను చర్చికి వట్టి చేతులతో పోయాను. దారిలో మీ ఇంటి దగ్గర ఆగాను. నువ్వు నిద్రలో ఉన్నావు, ఊపిరి మంచిగా ఆడుతోంది. డబ్బా మీ అమ్మ చేతికిచ్చాను. బాగా కడిగాను, భయం లేదు. చిన్నవే, కాని తియ్యగా ఉన్నాయి. ఒక్కటి కొరికి చూశాను.

ఏంజెలూ నువ్వూ కలిసి వేసినవి. ఎవరికీ మిగల్చకు. కడుపునిండ తిను బిడ్డా.