బక్కమ్మకు కొడుకు లేడు

మక్తల్ తాలూకా,
18-3-1962.

చిరంజీవి మల్లప్పకు, చిన్ననాడు నీ చేత పలక పట్టించిన నర్సింహ పంతులు దీవించి రాసేది. ఇక్కడ మేము, మీ అమ్మ క్షేమం. బొంబాయిలో నీవు, నీ భార్య, పసిబిడ్డ క్షేమమని తలుస్తాను.

నీ కార్డు అందింది. "మా అమ్మ నన్ను పరాయోన్ని చేసింది, ఇగ ఆ ఊరి దిక్కు చూడ" అని రాశావు. నీ కోపం న్యాయమే. కానీ ఆ రోజు ఏం జరిగిందో నీకు తెలియాలి.

నీవు బొంబాయి పోయిన ఏడాదే మిగిలిన గొర్రెలు రోగమొచ్చి చచ్చాయి. నడుము వంగిన మీ అమ్మను కూలికి ఎవరు పిలుస్తారు? జొన్నలు దంచే ఇళ్ల ముందు నూకల కోసం కూర్చునేది. నీ నుంచి మనియార్డరు ఎందుకు ఆగిందని నేను అడగను. రాళ్లు కొట్టే పని సంగతి విన్నాను.

దిక్కులేని ముసలివాళ్లకు సర్కారు పింఛను ఇస్తున్నదని తెలిసి మీ అమ్మ నా దగ్గరికి వచ్చింది. సాకే కొడుకు ఉంటే అది రాదు. కొడుకు చనిపోయాడని రాయమంది. ఆకలి మనిషి, తప్పు పట్టకు. నేను రాశాను, ఆమె వేలిముద్ర వేసింది.

మాఘంలో తాలూకా కచేరీ నుంచి గిర్దావరు పింఛను విచారణకు వచ్చాడు. మీ ఇంటి ముందే మంచం వేశాము. కాగితం చూసి, "బక్కమ్మా, నీ కొడుకు సచ్చిపోయి ఎన్నేండ్లాయె?" అని అడిగాడు. మీ అమ్మ నా ముఖం చూసింది. తరువాత నేల మీద కూలబడి, గుండెలు బాదుకుని ఏడ్చింది. ఆమె అంత బాగా నటించగలదని నేను అనుకోలేదు. పక్కింటి నర్సింగమ్మ కూడా ఏడ్చింది.

గిర్దావరు కలం తీస్తూ, "దొంగ దరఖాస్తులు శాన వస్తున్నయి. గిది గట్లాంటిదైతే రాసిన పంతులు నౌకరీ పోతది, జైలుకు పోతడు" అన్నాడు.

అప్పుడే నెత్తిన పెట్టెతో నీవు వచ్చి "అమ్మా" అన్నావు.

"ఎవరీ మనిషి?" అన్నాడు గిర్దావరు. మీ అమ్మ నిన్ను చూసింది, నన్ను చూసింది. కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. "ఎవరో బాటసారి సారూ, ఎండకొచ్చిండు" అని నీకు చెంబుతో నీళ్లిచ్చింది. "తాగి పో బిడ్డా, జర జల్ది పో" అంది. నీవు తాగకుండానే వెళ్లిపోయావు. గిర్దావరు పోయాక ఆమె వంగిన నడుముతోనే సడక్ దాకా ఉరికింది. అప్పటికే బస్సు వెళ్లిపోయింది.

పింఛను మంజూరయింది. నీవు మాత్రం రావద్దు. వస్తే అది ఆగుతుంది, కేసు కూడా అవుతుంది. తల్లి మీద కోపం ఉంచుకోకు.

ఇట్లు, నీ మేలు కోరే
నర్సింహ

తా.క.: కవరు అంటించబోయి ఆగాను. పైన అబద్ధం రాశాను. నీవు చనిపోయావని రాయమని మీ అమ్మ చెప్పలేదు. "కొడుకు బొంబయిల ఉన్నడు, పైసలు పంపుత లేడు గని ఎన్నడన్న వస్తడు అని రాయి సారూ" అంది. అట్లా రాస్తే పింఛను రాదని నేనే మార్చి రాశాను. చదివి వినిపించకుండానే వేలిముద్ర వేయించాను. నీ చావు కబురు ఆమె మొదట విన్నది గిర్దావరు నోటనే. ఆ ఏడుపు నటన కాదు. నీవు వచ్చి పిలిచేదాకా నీవు నిజంగానే పోయావనుకుంది. బతికి వచ్చిన కొడుకును నా నౌకరీ కోసం పంపించేసింది. ఆనాటి నుంచి నాతో మాట్లాడదు.

ఈ ఉత్తరం తెచ్చి గిర్దావరుకు చూపిస్తానంటే నీ ఇష్టం. కానీ ఆ దరఖాస్తు మీద నా సంతకం పక్కనే మీ అమ్మ వేలిముద్ర కూడా ఉంది.